కొన్న అక్షరం ఎవరిది?

సీసం అచ్చులతో పుస్తకాలు వేసిన రోజుల్లో ప్రెస్సు యజమాని తన సొత్తు ఏమిటో వేలు పెట్టి చూపించగలిగేవాడు. గోడవారగా ఏటవాలుగా నిలబెట్టిన చెక్క కేసులు, వాటి గళ్లలో అక్షరాలు, ఒత్తులు, గుడులు, కొమ్ములు. అవన్నీ ఫౌండ్రీ నుంచి తూకం లెక్కన కొని తెచ్చుకున్న సరుకు. ఫారం కట్టేవేళకు ఏ 'ళ'యో తక్కువ పడితే పక్క వీధి ప్రెస్సు నుంచి గుప్పెడు అరువు తెచ్చుకోవచ్చు. అచ్చు పని అయ్యాక కంపోజిటరు పేజీని విప్పి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేవాడు. అరిగిపోయినవాటిని కరిగించి కొత్తవి పోయించుకునేవారు. ఆ అచ్చులతో ఏ పుస్తకం వేస్తున్నావు, ఎన్ని ప్రతులు తీస్తున్నావు, రేపు ప్రెస్సు అమ్మితే వీటిని ఎవరికిస్తావు అని ఫౌండ్రీ అడిగేది కాదు. డబ్బు చెల్లించిన క్షణం నుంచి అక్షరం కొన్నవాడిది.

తెలుగు అచ్చు మొదటినుంచీ ఇదే పద్ధతిలో నడిచింది. 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించినప్పుడూ, 1852లో మద్రాసులో బ్రౌను తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు వెలువడినప్పుడూ, వావిళ్ల వారు కావ్యాలూ శతకాలూ ఇంటింటికీ చేర్చినప్పుడూ అక్షరం లోహమే. దాని మీద హక్కు గురించి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ హక్కు చేజారింది కంప్యూటరు వచ్చాకే. తెలుగు ప్రచురణరంగం చరిత్రలో ఇది చిన్న ఘట్టం కాదు. దాని గురించి రాసినవాళ్లు మాత్రం తక్కువ.

1985లో ఆల్డస్ సంస్థ మెకింతోష్ కంప్యూటర్ల కోసం పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరు విడుదల చేసింది. లేజర్ ప్రింటరు తోడవడంతో ఒక బల్ల మీదే పేజీ మొత్తం తయారయ్యే వీలు కలిగింది. 90ల్లో డెస్క్‌టాప్ పబ్లిషింగు అనే ఈ పద్ధతి తెలుగు ఊళ్లకూ పాకింది. విజయవాడలో, హైదరాబాదులో, జిల్లా కేంద్రాల్లో 'డీటీపీ' బోర్డులు వెలిశాయి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, గైడ్లు, కవితా సంపుటాలు అన్నీ అక్కడే తయారయ్యేవి. ఏళ్ల తరబడి నిలబడి అక్షరాలు ఏరిన కంపోజిటర్లలో కొందరు కీబోర్డు ముందు కూర్చున్నారు, ఎందరో పని పోగొట్టుకున్నారు.

ఈ కొత్త కొలువుకు కావలసిన తెలుగు అక్షరాలను అందించినవి ప్రైవేటు ప్యాకేజీలు. అను, శ్రీలిపి వంటి పేర్లు ఆ తరం ఆపరేటర్లకు సొంత చుట్టాల పేర్లంత చనువు. ఆ ఫాంట్లు గీసినవాళ్ల పనితనాన్ని తక్కువ చేయడం అన్యాయం. అప్పటి కంప్యూటర్లకు తెలుగు రాదు, నేర్పే దిక్కూ లేదు. ఒక ఫాంటులో ఉండేవి 256 గళ్లు. ఇంగ్లిషుకు పెద్దబడి, చిన్నబడి, అంకెలు, గుర్తులు అన్నీ సర్దినా వాటిలో చోటు మిగిలేది. తెలుగు హల్లుకు గుణింతం ఉంది, ఒత్తు ఉంది, ఒత్తు కింద మరో ఒత్తు ఉంది. ప్రతి రూపానికీ ఒక గడి ఇవ్వాలంటే వందలు కాదు, వేలు కావాలి.

అందుకని వాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, తలకట్టు లేని మొండెం ఇంకో గడిలో, గుడి కలిసిన రూపం వేరొకదానిలో, ఒత్తులు మరోచోట. 'స్త్రీ' అని కొడితే ఫైల్లో చేరేది స అనే అక్షరం, త అనే అక్షరం కాదు. గుడిదీర్ఘంతో ఉన్న ఒక బొమ్మ, దాని కింద రెండు ఒత్తుల బొమ్మలు. కొన్ని ఫాంట్లలో మ, ఘ, ఝ లాంటివి రెండేసి మూడేసి ముక్కలు కలిపితే తప్ప పూర్తి కావు. ఆ బొమ్మలన్నీ కూర్చున్నది యూరప్ భాషల అక్షరాల స్థానాల్లో. కాబట్టి ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే తల మీద రెండు చుక్కలున్న జర్మన్ అక్షరం, అడ్డగీత కొట్టిన 'ఓ', డాలరు గుర్తు, పౌండు గుర్తు వరసగా ప్రత్యక్షమయ్యేవి. తెలుగు అనేదే ఫైల్లో లేదు, ఫాంటులో ఉంది.

పైగా ఒక సంస్థ అమరిక ఇంకో సంస్థకు పొసగదు. అనులో కొట్టింది శ్రీలిపిలో చదవడానికి రాదు. ఒక్కోసారి ఒకే ప్యాకేజీలో పాత వెర్షనుకూ కొత్తదానికీ కూడా కుదరదు. ఇలాంటి ప్యాకేజీలకు డాంగిల్ అనే తాళం తోడయ్యేది. మొదట్లో ప్రింటరు పోర్టుకు, తర్వాత యూఎస్‌బీకి తగిలించే బొటనవేలంత బిళ్ల. అది ఉంటేనే అక్షరాలు వస్తాయి. అది పోతే, కాలిపోతే, కంపెనీ ఆ వెర్షను మానేస్తే వేలు పోసి కొన్న అక్షరాలు ఉన్నచోటే ఉండి అందకుండా పోతాయి. తాళం పగలగొట్టిన దొంగ కాపీలు సీడీల్లో చేతులు మారడానికి సగం కారణం ధర అయితే మిగతా సగం ఈ భయం. అమ్మేవాళ్ల వైపూ న్యాయం ఉంది. ఒకడు కొంటే పదిమంది వాడుకునే చోట ఫాంటు గీసేవాడికి కూలి ఎక్కడ గిట్టుతుంది? ఈ రెండు బాధల మధ్య పరిష్కారం వెతకాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

ప్రభుత్వం అసలేమీ చేయలేదని కాదు. ఐఐటీ కాన్పూరులో మొదలై ప్రభుత్వ సంస్థ అయిన పుణె సీడాక్ చేతికొచ్చిన జిస్ట్ టెక్నాలజీ, అన్ని భారతీయ లిపులకూ ఒకే తీరులో పనిచేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇస్కీ సంకేత పద్ధతి, ఇవన్నీ ప్రజాధనంతో జరిగిన మేలైన పనులు. ఇస్కీ ఆలోచన గొప్పది: ఫైల్లో దాచాల్సింది అక్షరాన్ని, దాని బొమ్మను కాదు. బొమ్మ ఎలా గీయాలన్నది తెర మీద చూపించేటప్పటి సంగతి. కానీ డీటీపీ బల్లల మీద రాజ్యమేలుతున్న పేజ్‌మేకరుకు ఇస్కీ అర్థం కాదు. శుభలేఖ రేపు పొద్దున్నే ఇవ్వాల్సిన ఆపరేటరు ప్రమాణాల కోసం ఆగలేడు.

ఇంతలో సముద్రం అవతల వేరే దారి పడింది. 90ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఇంటర్నెట్ చర్చావేదికలు దొరికాయి. వాటిలో తెలుగు లిపి లేదు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగును తభావతు లేకుండా రాసే ఒక పద్ధతి రూపొందించారు. చిన్నబడి 'డి' కొడితే ద, పెద్దబడి 'డి' కొడితే డ. చిన్నబడి 'ఎన్' న, పెద్దబడి 'ఎన్' ణ. అది ఆర్‌టీఎస్ పేరుతో నిలిచిపోయింది. దానికి తాళం లేదు, లైసెన్సు రుసుము లేదు, నేర్చుకున్నవాడు ఇంకొకడికి నేర్పొచ్చు. ఇవాళ ఫోన్లో ఇంగ్లిషు కీల మీద తెలుగు రాసే లక్షలమంది ఆ బాటలోనే నడుస్తున్నారు, ఆ పేరు విననివాళ్లు కూడా.

వాళ్లున్న దేశంలోనే, అదీ అచ్చు యంత్రం దగ్గరే, ఈ సొంతదనం ప్రశ్న అంతకు పదేళ్ల ముందే రాజుకుంది. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. దానిలో తరచు కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటరుకైతే అక్కడి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ సొంతంగా కోడు రాసి, కాగితం ఇరుక్కోగానే వాడుతున్నవాళ్లకు కబురు వెళ్లే ఏర్పాటు చేశాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే మూల కోడు ఇవ్వలేదు. కోడు ఉన్న మరో విశ్వవిద్యాలయం మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట రాసిచ్చానన్నాడు. స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1989లో జీపీఎల్ లైసెన్సు తెచ్చాడు. వాడుకో, విప్పి చూడు, మార్చు, పంచు, నువ్వు పంచేటప్పుడు ఈ హక్కులన్నీ అవతలివాడికీ ఇవ్వు అన్నది దాని సారాంశం.

తెలుగు అక్షరానికి ఆ లైసెన్సు పట్టడానికి ఇంకొంత కాలం పట్టింది. ప్రపంచ లిపులన్నిటి కోసం 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే, ఇస్కీ అమరిక ఆధారంగా, తెలుగుకు చోటు దక్కింది. చోటు దక్కినా దాన్ని చూపించే యంత్రం లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు, దానితో గౌతమి ఫాంటు వచ్చాయి. అదీ దాక్కునే ఉండేది. కంట్రోల్ ప్యానెల్లో ప్రాంతీయ భాషల పేజీకి వెళ్లి, సంక్లిష్ట లిపుల ముందు టిక్కు పెడితే ఎక్స్‌పీ సీడీ పెట్టమని అడిగేది. కంప్యూటరు కొన్నప్పుడు ఆ సీడీ చేతికి రానివాళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. మిషను మనదే, అందులో తెలుగూ ఉంది, తలుపు తీసే తాళంచెవి మాత్రం దుకాణందారు దగ్గర.

ఆ రోజుల్లోనే తిరుమల కృష్ణ దేశికాచారి పోతన2000, వేమన2000 అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి, వాటికో కీబోర్డు అమర్చి, ఎవరైనా తీసుకోవచ్చన్నారు. ఆ రెండూ జీపీఎల్ కింద లినక్స్ పంపిణీల్లోకి చేరాయి. డెబియన్ నడుస్తున్న కంప్యూటరు ప్రపంచంలో ఏ మూల ఉన్నా ఒక్క ఆదేశంతో పోతన దిగుతుంది. భాగవతం రాసి రాజులకు అంకితమివ్వనన్న కవి పేరు ఆ ఫాంటుకు పెట్టడం ఎంత సముచితమో చెప్పాలా?

వెబ్‌లో మాత్రం అప్పటికింకా ఎవరి ఫాంటు వాళ్లదే. ఈనాడు చదవాలంటే ఈనాడు ఫాంటు, వార్త చదవాలంటే వార్త ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. వాటిలో ఒక్క మాట వెతకాలన్నా కుదిరేది కాదు. వెతికే యంత్రానికి కనిపించేది తెలుగు కాదు కదా. ఈ గోడలను కూల్చినవాడు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టింది కూడా ఆయనే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కోసం ఆయన రాసిన 'పద్మ' అనే యాడాన్ ఒక్కో పత్రిక ఫాంటులోని ముక్కలను గుర్తుపట్టి, అతికి, అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చేది. ఏ గడిలో ఏ ముక్క ఉందో, ఏ రెండు కలిస్తే ఏ అక్షరమో ఫాంటు ఫాంటుకూ కూర్చుని పట్టికలు వేయడం ఎంత ఓపిక పనో ఆలోచిస్తేనే నడుం నొప్పి పుడుతుంది. ఆ పట్టికలను ఆయన దాచుకోలేదు.

దాచుకోకపోవడం వల్ల ఏమైందో చూడండి. 2006లో వీవెన్ 'లేఖిని' తెచ్చారు. ఎడమ పెట్టెలో ఆర్‌టీఎస్ తరహాలో ఇంగ్లిషు అక్షరాలు కొడితే కుడివైపు తెలుగు వస్తుంది. ఏ ఫాంటూ కొనక్కర్లేదు, ఏ ప్యాకేజీ ఎక్కించక్కర్లేదు. దాని లోపలి యంత్రాంగం పద్మ కోడు నుంచి వచ్చింది. తెలుగు బ్లాగుల తొలితరం దాదాపు అంతా లేఖిని మీదే చేయి తిప్పుకుంది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడాన్లన్నిటికీ తలుపు మూసింది. పద్మ పుట్టింది ఆ తరహాలోనే. అయినా ఆ కోడు లేఖినిలో బతికే ఉంది. డాంగిల్ పోయిన ప్యాకేజీకి ఇలాంటి రెండో జన్మ ఉండదు.

హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పనిని ఇంజినీరింగు కాలేజీల్లోకి తీసుకెళ్లింది. విద్యార్థులు వరసవారీగా మెనూలు, హెచ్చరికలు, బొత్తాల పేర్లు తెలుగు చేసి, మొత్తం ఆపరేటింగ్ సిస్టమునే తెలుగులో నిలబెట్టారు. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం కూడా తెలుగు ఫాంట్లు, ఉపకరణాలతో ఉచిత సీడీ పంచింది. స్వేచ్ఛ పిల్లలు ఎన్నుకున్న కొన్ని తెలుగు మాటలు జనం నోట నిలవలేదు. 'సేవ్' అన్నవాళ్లను 'భద్రపరచు' అనిపించడం తేలిక కాదు. అయినా ఒక పల్లెటూరి పిల్లవాడు ఇంగ్లిషు రాకుండా కంప్యూటరు తెరవగలగాలన్న పట్టుదల వాళ్లది. లాభం ఉంటే తప్ప ఏ కంపెనీ ముట్టని పనిని వాళ్లు సెలవు రోజుల్లో చేశారు.

తర్వాత ఫోన్లొచ్చాయి, పాత కథ మళ్లీ మొదలైంది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు తెరిస్తే ఖాళీ డబ్బాలు కనిపించేవి. అప్పుడు నోటినోటా పాకిన చిట్కా ఒకటుంది. ఒపెరా మినీ బ్రౌజరు చిరునామా పట్టీలో 'ఒపెరా:కాన్ఫిగ్' అని కొట్టి, పేజీ అడుగుకు వెళ్లి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడు అన్నచోట 'యెస్' పెట్టాలి. అంతే, ఎక్కడో సర్వరు తెలుగును బొమ్మలుగా గీసి పంపేది. తెలుగువాళ్లు వేలరూపాయల ఫోను కొని తమ భాషను బొమ్మల్లో చదువుకున్నారు. ఇంకొందరు సాహసించి ఫోను రూట్ చేసి, లోపలి ఫాంటు ఫైలు తీసేసి తెలుగున్న ఫాంటు పెట్టుకున్నారు. అలా చేస్తే వారంటీ చెల్లదని కంపెనీలు ముందే రాసిపెట్టుకునేవి. సొంత డబ్బుతో కొన్న వస్తువులో మాతృభాష చదువుకోవడానికి హామీ వదులుకోవలసి రావడం ఎంత అన్యాయమో అప్పట్లో పెద్దగా చర్చ జరగలేదు. జరగాల్సింది.

2018 ఫిబ్రవరిలో మాత్రం తెలుగు అక్షరం ప్రపంచ వార్త అయింది. జ, ఞ ఒత్తు, వాటి తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, ఆపై దీర్ఘం: ఈ వరస ఉన్న సందేశం వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. కొన్ని ఫోన్లు పదే పదే రీస్టార్టవుతూ ఉండిపోయాయి. కొందరు దాన్ని ఆకతాయితనంగా పంపుకున్నారు. చాలా పత్రికలు తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని రాశాయి. తప్పు అక్షరానిది కాదు. అలాంటి వరసలకు బెంగాలీలో, దేవనాగరిలో కూడా అదే గతి పట్టింది. లోపం యాపిల్ అక్షరాలు పేర్చే కోడులో ఉంది. ఆ కోడు మూసి ఉంది కాబట్టి తెలుగు తెలిసిన ప్రోగ్రామరు ఎంతటివాడైనా తన ఫోనును తాను సరిచేసుకోలేకపోయాడు. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షను వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ ఇదే పనికి హార్ఫ్‌బజ్ అనే బహిరంగ కోడు వాడతాయి. దానిలోనూ తప్పులు దొర్లుతాయి, కానీ అవి ఎక్కడున్నాయో చూసి దిద్దే వీలు ఎవరికైనా ఉంది.

అచ్చురంగానికి తిరిగొస్తే, డీటీపీ ఆపరేటర్లు ఏళ్ల తరబడి యూనికోడ్‌కు ఒప్పుకోలేదు. వాళ్ల మాటల్లో పస ఉంది. అప్పటికి ఉచిత ఫాంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, శీర్షికకు పనికొచ్చే బరువైన అక్షరం లేదు, పైగా పేజ్‌మేకరుకు యూనికోడ్ తెలియదు. పేజ్‌మేకరు ఆఖరి వెర్షను 7.0 వచ్చింది 2001లో. దాన్ని కొన్న అడోబీ వదిలేసినా మన దగ్గర ఆపరేటర్లు వదల్లేదు. 2011లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం తీసుకుంది. ఆ తర్వాత సిలికానాంధ్ర సంస్థ చొరవతో మండలి, గిడుగు, గురజాడ, సురవరం, ధూర్జటి, పెద్దన, రామభద్ర వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వెలువడ్డాయి. వాటిలో చాలావాటిని గీసింది గుత్తుల పురుషోత్తం కుమార్. ఆ లైసెన్సు ప్రకారం ఫాంటును పుస్తకంలో వాడొచ్చు, సినిమా పోస్టరు మీద వేయొచ్చు, ఒత్తు వంకర నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు. అడోబీ వారి కొత్త పేజీ సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్ తెలుగును పేర్చడం నేర్చింది. 2017లో అలాంటిదే అయిన స్క్రైబస్ 1.5.3 కూడా నేర్చింది, దానికి పైసా ఖర్చు లేదు.

మిగిలిన పెద్ద భారం పాత ఫైళ్లు. రెండు మూడు దశాబ్దాల తెలుగు సాహిత్యం, పరిశోధన, పత్రికల ప్రత్యేక సంచికలు ముక్కల ఫాంట్లలో టైపయి ప్రచురణకర్తల బీరువాల్లో సీడీల మీద ఉన్నాయి. కాగితం మీద పుస్తకం ఉంది, పీడీఎఫ్ కూడా ఉండొచ్చు. పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేస్తే వచ్చేది చుక్కల జర్మన్ అక్షరాలే. స్వచ్ఛందంగా కొందరు కన్వర్టర్లు రాశారు. అవి నూటికి తొంభై పాళ్లు సరిగ్గా మార్చినా ఒత్తుల వరస దగ్గర, రెండు ముక్కలతో కూడే అక్షరాల దగ్గర తడబడతాయి. మళ్లీ ఒక మనిషి కూర్చుని ప్రూఫు దిద్దాలి. రెండు తెలుగు రాష్ట్రాల అకాడమీలు, విశ్వవిద్యాలయాలు తమ సొంత ప్రచురణలతోనైనా ఈ పని మొదలుపెట్టాలి. సీడీలు శాశ్వతం కాదు, వాటిని చదివే డ్రైవులు ఇప్పుడు అమ్మే ల్యాప్‌టాపుల్లో దాదాపు లేవు.

ఆపరేటర్ల చేతి అలవాటు గురించి కూడా బెంగపడనక్కర్లేదు. అను రోజుల్లో ఎక్కువమంది నేర్చింది 'ఆపిల్' అని పిలిచే కీబోర్డు వరస. లినక్స్‌లో ఎమ్17ఎన్ అనే భాషా ఉపకరణాల మూటలో ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్‌టీఎస్ వరసల పక్కనే ఆ ఆపిల్ వరసను కూడా చేర్చి ఉంచారు. పాతికేళ్ల కిందట నేర్చిన వేళ్లు అవే కీల మీద ఆడతాయి, ఫైల్లో మాత్రం యూనికోడ్ తెలుగు చేరుతుంది.